సమజము - సమాజము

గత పది పండ్రెండేండ్లనుండి మనభాషలో నొక క్రొత్త ఉపదేశ వాఙ్మయము పెరుగుచున్నది. సామాజిక మాధ్యమముల మూలమున నిజమైన స్నేహములను, సంఘమును నిర్మించుకొను విధమే దాని విషయము. ఇంగ్లీషున బుట్టి, తెనుగు తలపాగ చుట్టుకొని, వ్యాసములుగను, ఉపన్యాసములుగను, చిన్న పొత్తములుగను నిత్యము మనకు దర్శనమిచ్చుచున్నది. ప్రతిదినము నేదో యొకటి వ్రాయుడు. మీ కష్టసుఖములను దాపరికము లేక చెప్పుడు. ఇతరుల వ్రాతలకు జాగుసేయక బదులిండు. తుదను ప్రశ్న వేసి చదువరిని పలికింపుడు: ఇవి దాని సూత్రములు. వీనిలో నొక్కటియు చెడ్డది కాదు. ఇంటికి వచ్చినవానిని పలుకరింపుమని పెద్దలు చెప్పిన మాట వంటివే. కాని యీ వాఙ్మయమంతటిలో నెంత వెదకినను కానరాని దొకటి కలదు. స్నేహమనగా నేమి, సంఘమనగా నేమి యను ప్రశ్నయే యది. లక్షణము చెప్పక లక్ష్యమును సాధింపబూనిన గ్రంథమును మన తార్కికులు మొదటి పుటలోనే మూసివేసి యుందురు. నేను తుదివరకును చదివి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

సంస్కృత వ్యాకరణమున నొక చిన్న విశేషము కలదు. ‘సమ్’ అను నుపసర్గతో గూడిన ‘అజ’ ధాతువునుండి రెండు పదములు పుట్టినవి. పశువుల గుంపైనచో ‘సమజము’. మనుష్యుల కూటమియైనచో ‘సమాజము’. పశువుల విషయమున నీ రూపమును సాధించుటకు పాణిని ప్రత్యేకముగ నొక సూత్రమే చేసెను. అమరసింహుడును తన కోశమున నీ భేదమును పాటించెను. మందకును మనుష్యసంఘమునకును నడుమ నున్నది యొక్క దీర్ఘము మాత్రమే! ఆ ధాతువునకు తోలుట యని యర్థము. మందను తోలువాడు వేరొక డుండును. అది యెటు పోవుచున్నదో దానికి దెలియదు. మనము ఫేసుబుక్కున నేది చూడవలెనో, దేని తరువాత దేనిని చూడవలెనో నిర్ణయించునది మనము గాదు, దాని యంత్రగణితము. కావున నచట కూడిన వారిని సమాజమందుమా సమజమందుమా యనునది పరిహాసపు ప్రశ్న కాదు.

స్నేహమునకు వైయాకరణులు చెప్పిన మరియొక పేరు ‘సాప్తపదీనము’. ఏడడుగులు కలిసి నడచుటవలన గలిగినదని కొందరు, ఏడు మాటలు కలిసి యాడుటవలన గలిగినదని మరికొందరు నర్థము చెప్పిరి. ఎట్లైనను కొంత కాలము, కొంత శ్రమ యందు గలవు. 2004 లో బుట్టిన ఫేసుబుక్కు మిత్రశబ్దమును ఒక వ్రేలియొత్తిడికి దించినది. ఒక మనుష్యునకు 5,000 మంది మిత్రులను మించరాదని కట్టడియు జేసినది. మానవుడు నిలకడగ నెరిగి యుండగల బాంధవ్యములు రమారమి 150 మాత్రమే యని రాబిన్ డన్బారను నింగ్లండు పండితుడు 1990 దశకమున నూహించెను. ఆ లెక్క సరియా కాదా యను వాదమట్లుండనిండు. మా తాతగారి పెండ్లి పిలుపుల పట్టిక దానికి మిక్కిలి దగ్గరగనే యుండెను.

నిఘంటువులనుండి లేచి బజారునకు పోవుదము. సికింద్రాబాదు మోండా మార్కెట్టునకు నేను పాతికేండ్లుగ నాదివారమునాడు కూరలకై పోవుచున్నాను. నాందేడు, పర్భణీ మొదలగు మరాఠ్వాడా పట్టణములలో ధాన్యపు బజారును ‘మోంఢా’ యందురు. ఆ సీమయు నిజాము రాజ్యములోనిదే గావున నా మాటయే యిటకును వచ్చినదని తలతును. 1806 లో సికందర్ జా పేరిట వెలసిన యీ దండుబస్తీని ముసలివారు నేటికిని లష్కరనియే పిలుతురు. దండుతో వచ్చిన తమిళులు, వ్యాపారమునకు వచ్చిన గుజరాతీలు, మార్వాడీలు, మరాఠీలు, ఉర్దూ మాటలాడు ముస్లిములు, చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చిన తెనుగువారు, అందరును నిచట బేరమాడుదురు. ఆషాఢమున ఉజ్జయినీ మహంకాళి బోనాలు వచ్చినప్పుడు పసుపు, పూలు, వేపమండలతో నా సందులలో నడుగిడుటకు చోటుండదు.

అచట నొక ముసలమ్మ కూరల గంప ముందిడుకొని కూర్చుండును. రెండు వారములు నేను పోనిచో, ‘ఏం సారూ, కానరాలే? ఇంట్ల అందరు మంచిగున్నరా?’ యని యడుగును. మా యమ్మగారు గతించిన యేడు నేను కాకరకాయలు కొనుట మానితిని. ఇంటిలో కాకర తినువా రామె యొక్కతెయే. నేను చెప్పకమున్నే యా కూరలమ్మ సంగతి గ్రహించి, ఆనాడు తూచుట మాని నా మొగము చూచెను. నేనేమి కొందునో ఫేసుబుక్కునకును దెలియును. ఈమెకంటె నెక్కువగనే తెలియును. కాని యా యెరుకను అది ప్రకటనదారుల కుపయోగించి ధనము గడించును. ఈమె దానితో పరామర్శ చేసెను. ఎరుక యొకటియే; దాని గతి వేరు.

ఆ బజారున రెండు మాటలు నేను విలువగలవిగ నెంచుదును. ఒకటి కొసరు. త్రాసు సరిగా నిలిచిన పిమ్మట పైన వేసెడు పిడికెడు పచ్చిమిరపకాయలు, కరివేపాకు రెబ్బ. అది లెక్కలోనిది కాదు. అడిగి పుచ్చుకొనుటలో కొంత చనువు, ఇచ్చుటలో కొంత దర్పము నుండును. రెండవది ఉద్దెర. కోస్తావారు అరువందురు, మనవైపు ఉద్దెర. ఇది సంస్కృతమున ‘ఉద్ధారము’. అమరకోశ మీ మాటను ఋణపర్యాయముగ జెప్పినది. పైకెత్తుటయు ఉద్ధారమే, అప్పును ఉద్ధారమే! ఈ కలయిక యాదృచ్ఛికమే కావచ్చును గాని నాకు మిక్కిలి ప్రియమైనది. చెల్లింపక మిగిలిన పదిరూపాయలు మరల నా యంగడికి రప్పించును. ‘చిల్లర లేదు, వచ్చేవారం తీస్కో’ యను మాటలో వచ్చెడు వారమును మన మిరువురమును బ్రదికియుందుమను నమ్మక మిమిడియున్నది.

బాంధవ్యము లెక్క తేలక మిగిలిన శేషమువలన నిలుచును. ఈ ఉపదేశ గ్రంథములకు నేను చెప్పు ఆక్షేపణమంతయు నిదియే. సామాజిక మాధ్యమమున లెక్క వెంటనే తేలిపోవును. నీవు నా వ్రాతకు బొటనవ్రేలు చూపితివి, నేను నీ చిత్రమునకు హృదయము పెట్టితిని, సరి. 2009 లో వచ్చిన యా ‘లైకు’ మీట పరామర్శను నాణెముగ మార్చినది, అదియు చిల్లర నాణెముగ. మోండాలో సైతము 2016 తరువాత వచ్చిన యూపీఐ వలన పైసలతో సహా లెక్క యప్పటి కప్పుడే తీరుచున్నది. సొమ్ము ముట్టినదని చిన్న పెట్టె బిగ్గరగ చాటుచున్నది. సౌకర్యమే. దొంగనోటు బాధ తప్పినది. కాని ‘వచ్చేవారం తీస్కో’ యను మాట తగ్గిపోయినది.

ఇట్లు వ్రాయుచున్నానని పాతకాలమును పూజించుచున్నా ననుకొనరాదు. బజారున తూకములో మోసము కలదు. అప్పు తీర్పలేనివానిని పదిమందిలో పరువు తీయుటయు కలదు. మన ప్రాచీన సంఘమని చెప్పుకొను దానిలో నే బావినీరు ఎవరు తోడవలెను, ఏ యరుగుపై నెవరు కూర్చుండరాదు అను విధినిషేధములే యెక్కువ. సభకు వచ్చుటకు తీరిక గాని, యనుమతి గాని లేని స్త్రీ, రాత్రి వంటిల్లు కడిగిన పిమ్మట తన కవితను ఫోనున వ్రాసి వేయిమందికి వినిపింపగలుగుట చిన్న మార్పు కాదు. దళితుడు తన యనుభవమును పత్రికాధిపతి దయకై కాచుకొనకయే వెల్లడింపగలుగుటయు నట్టిదే. ఈ తలుపును మూయుమనువాడు సంస్కర్త కాడు. తలుపు తెరచినంతనే లోపల నిల్లున్నదని నమ్మించువానితోనే నా తగవు.

మా బడిలో కలిసి చదివినవారి వాట్సాపు గుంపొకటి కలదు. ఉదయమునుండి పూలగుత్తులు, సుప్రభాతములు, నుదంతములు. కొంతకాలము క్రిందట మాలో నొకడు హఠాత్తుగ మరణించెను. గంటలోపల నరువదికి పైగ సానుభూతి వాక్యములు వచ్చెను, అన్నియు దాదాపొకటే. శ్మశానమునకు వచ్చినవారు మా గుంపునుండి నలుగురు. వారిలో నొకడు మోండాలో పూలు కట్టి యమ్మువాడు. గుంపులో నెన్నడును ఒక్క మాటయు వ్రాసినవాడు కాడు. దండలతో వచ్చి తుదివరకు నిలిచెను. పదవతరగతి పరీక్షరుసుము చనిపోయినవాని తండ్రి కట్టినాడట. ఆ సంగతి నాకానాడే తెలిసెను. ఇచట న్యాయముగ చెప్పవలసినది రెండు వైపులను గలదు. గుంపు లేనిచో నా మరణవార్త వానికి తెలిసెడిదే కాదు. వార్తను మాధ్యమము తెచ్చెను. మనుష్యుని తెచ్చినది ముప్పదియేండ్ల నాటి ఉద్ధారము.

దీని కెదురు చిత్రమును 2018 లో జూచితిమి. పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను పుకారు వాట్సాపున వ్యాపించి, ఆ మే నెలలో మన నగరమున చాంద్రాయణగుట్టయొద్ద నొక హిజ్రాను జనము కొట్టి చంపెను. ఆ చేతులకు ఆమెపై పగలేదు, ఆమె పేరైనను తెలియదు. సమజమను పదమునకు నింతకంటె నుదాహరణము నేను వెదకను. ఆ జూలైలో ఆ సంస్థ మన దేశమున నొక వార్తను ఒక్కసారి అయిదు చోట్లకు మించి పంపరాదని నియమించినది. మేలే. కాని నాకు మిక్కిలి నచ్చిన చికిత్స జోగులాంబ గద్వాలలో జరిగినది. అప్పటి పోలీసు సూపరింటెండెంటు రమా రాజేశ్వరి గ్రామగ్రామమునకు కానిస్టేబులును పంపి, జానపద గాయకులచే పాడించి, పుకార్లను నమ్మవలదని చెప్పించిరి. తెర తెచ్చిన భయమును ఎరిగిన మొగము పోగొట్టినది.

మాధ్యమమువలన సంఘమేర్పడుట కల్ల యందునా? అనను. మన సాహిత్యచరిత్రయే సాక్ష్యము. 1926 లో సురవరము ప్రతాపరెడ్డిగారు స్థాపించిన గోలకొండ పత్రిక ఆనాటి మాధ్యమము. తెలంగాణమున కవులే లేరని యొక పండితుడు వ్రాయగా, రెడ్డిగారు వాదమునకు దిగక, కవులారా మీ పద్యములను పంపుడని కోరిరి. 1934 లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువడెను. విమర్శకుడనుగ దానిని చదివినచో పద్యములన్నియు నుత్తమములని చెప్పజాలను. సమస్యాపూరణములు, మామూలు స్తుతులు నందు కొల్లలు. ఐనను ఒకరి నొక రెరుగని పల్లెల కవు లొక్క అట్టలనడుమ కూడుటచే తామొక సంఘమని గుర్తించుకొనిరి. పత్రిక వారిని కూడుమని యూరకుండలేదు. ఒక పని చెప్పినది, గడువు పెట్టినది, పంపినదానిని చదివినది, అచ్చువేసి ఋణము తీర్చినది.

మనకాలమున దీనితో పోల్చదగినది కవిసంగమము. 2012 లో కవి యాకూబుగారు ఫేసుబుక్కున ప్రారంభించిన యీ కూటమి వేలకొలది చదువరులను, క్రొత్త కవులను చేర్చినది. దాని మేలంతయు తెరపైననే యున్నదని నేననుకొనను. బంజారాహిల్సులోని లామకానులో సభలు పెట్టి, మూడు తరముల కవుల నొక్క వేదికపై కూర్చుండబెట్టిన యోజనలో నున్నది. ముదుసలి కవి యెదుట తన కవిత చదువు కుర్రవానికి తెరపై గలుగని బెదురు కలుగును. ఆ బెదురు సాహిత్యమునకు మంచిది. తెరపైని దోషము నట్టి కూటములన్నిటికిని సామాన్యము. వ్రాసిన యరగడియలో ‘అద్భుతము’, ‘హృదయమును తాకినది’ యని నలువది వ్యాఖ్యలు వచ్చును. చదువుటకు పట్టు కాలమైన గడువకమున్నే మెప్పు వచ్చినచో కవికి నష్టము. నేను నీకు అద్భుతమంటిని గావున నీవును నాకనుము. మరల లెక్క సరి, శేషము సున్న.

2021 లో రెండవ కోవిడు తాకిడినాడు ప్రాణవాయువునకై, ఆసుపత్రి పడకకై యెవరో తెలియనివారి కొరకు రాత్రులు మేల్కొని ఫోనులు చేసినవారు నీ మాధ్యమములవారే. వారెవరును ‘సంఘము నిర్మించుట యెట్లు’ అను గ్రంథమును చదివి యుండరు. అచట అవసరము పని చెప్పినది.

కావున నీ యుపదేశకులు తమ పొత్తములను మరల నచ్చొత్తించునప్పుడు ఒక యధ్యాయమును చేర్తురుగాక యని కోరుచున్నాను. ప్రతిదిన మేమి వ్రాయవలెనో చెప్పిరి, ఏ వేళ వ్రాయవలెనో చెప్పిరి. మిత్రుని కవితలో మూడవ పంక్తి బాగుండలేదని పదిమంది చూడ వ్రాసి, మరుసటి ఆదివారము వానియింటికి పోయి, వాని భార్య యిచ్చిన చాయ త్రాగి, ఆ పంక్తినిగూర్చియే యింకొక గంట పోట్లాడి వచ్చుట యెట్లో యింతవర కెవరును వ్రాయలేదు.