యూనిఫాం లోపలి మనిషి: ఒక సోవియట్ టెలివిజన్ చిత్రం గురించి

గూఢచారి నవలను మన విమర్శ ఎప్పుడూ గుమ్మం బయటే నిలబెట్టింది. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌నీ, మధుబాబు షాడోనీ ఎరగని తెలుగు పాఠకుడు అరుదు. వాటి గురించి గట్టిగా నాలుగు పేజీలు రాసిన విమర్శకుడు అంతకన్నా అరుదు. కాలక్షేపం అని ముద్ర వేసి పక్కన పెట్టేశాం. ఆ ముద్రతో నాకు పెద్దగా పేచీ లేదు. కాని ముద్ర వేసినంత మాత్రాన విమర్శ పూర్తయినట్టు కాదు గదా! అన్ని వేలమంది దేని ముందు కూర్చుంటున్నారో, ఎందుకు కూర్చుంటున్నారో అడగకుండా ప్రజాసాహిత్యం గురించి మనం చేసే చర్చలకు బలం ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ ప్రశ్నను తేల్చుకోడానికి నేను తీసుకున్నది తెలుగు నవల కాదు. యులియన్ సెమ్యోనోవ్ రష్యన్‌లో రాసిన 'వసంతంలో పదిహేడు క్షణాలు'. 1969లో వెలువడిన ఈ నవలకు రచయితే స్క్రీన్‌ప్లే రాయగా తత్యానా లియోజ్నొవా పన్నెండు భాగాల టెలివిజన్ చిత్రంగా తీసింది. 1973 ఆగస్టులో సోవియట్ టెలివిజన్‌లో ప్రసారమైంది.

హైదరాబాదులో దీన్ని గురించి మాట్లాడటానికి కారణం ఉంది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో ప్రగతి, రాదుగ ప్రచురణలు ఇప్పటికీ చేతికి తగులుతుంటాయి. ఉప్పల లక్ష్మణరావుగారి వంటివాళ్ళు మాస్కోలో కూర్చుని తెలుగు చేసిన పుస్తకాలు అవి. బ్యాంక్ స్ట్రీట్‌లోని విశాలాంధ్ర మెట్లెక్కి రెండు తరాలవాళ్ళు కొనుక్కున్నవి. అదే గుట్టలో గోర్కీ పక్కన ఆలిస్టర్ మెక్లీన్ ఉంటాడు, కెన్ ఫోలెట్ ఉంటాడు, వాళ్ళ కింద షాడో నలిగిపోయి ఉంటాడు. అమ్మే అతనికి మన వర్గీకరణలతో పనిలేదు. పుస్తకం లావును బట్టి ధర చెబుతాడు. సెమ్యోనోవ్ ఇంగ్లీషు అనువాదం నాకు అక్కడే దొరికింది.

ఆ యుద్ధం కూడా మనకు పరాయిది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా పడ్డాయి. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది ఫాసిస్టు వ్యతిరేక యుద్ధం నడుస్తున్న వేడిలోనే. శ్రీశ్రీ 'గర్జించు రష్యా' రాసింది ఆ యుద్ధకాలంలోనే. అంటే ఈ కథలో శత్రువెవరో మన సాహిత్యానికి ఎనభై ఏళ్ళుగా తెలుసు.

కథ 1945 ఫిబ్రవరి, మార్చి నెలల్లో బెర్లిన్‌లో నడుస్తుంది. ఎస్.ఎస్. అధికారి ష్టిర్లిట్స్ నిజానికి మక్సీమ్ ఇసాయెవ్ అనే సోవియట్ గూఢచారి. సోవియట్ యూనియన్‌ను పక్కకు నెట్టి పాశ్చాత్య దేశాలతో విడిగా సంధి చేసుకోడానికి నాజీ నాయకుల్లో ఎవరు ప్రయత్నిస్తున్నారో కనుక్కోవడం అతని పని. తీగ లాగితే హిమ్లర్ కదులుతాడు. హిమ్లర్ తరఫున జనరల్ వోల్ఫ్ స్విట్జర్లాండ్‌లో అమెరికన్ ఆలెన్ డలెస్‌తో మాట్లాడుతున్నాడని తేలుతుంది.

నవల వేగంగా నడుస్తుంది. ఫైలు, తంతి, ఆజ్ఞ, మళ్ళీ ఫైలు. టెలివిజన్ చిత్రం ఈ వేగాన్ని తుంచేసింది. పన్నెండు భాగాలూ కలిపి పదమూడు, పద్నాలుగు గంటలు. ష్టిర్లిట్స్ తుపాకీ పేల్చేది ఒక్కసారి. మిగతా సమయమంతా అతను కారు నడుపుతాడు, కారిడార్లలో నడుస్తాడు, ఆలోచిస్తాడు, ఎదురు చూస్తాడు. ఫిబ్రవరి 23, ఎర్రసైన్యం దినం నాడు ఒంటరిగా పొయ్యి దగ్గర కూర్చుని బంగాళాదుంపలు కాల్చుకు తింటాడు. నవల్లో లేని ఒక దృశ్యాన్ని లియోజ్నొవా చేర్చింది. ఏళ్ళ తరబడి చూడని భార్యను ఒక కాఫీ హోటల్‌కు తీసుకొస్తారు. ఆమె ఒక బల్ల దగ్గర, అతను ఇంకో బల్ల దగ్గర. దగ్గరకు వెళ్ళడానికి వీల్లేదు, పలకరించడానికి వీల్లేదు. నిమిషాల తరబడి ఒక్క మాట లేకుండా తరివెర్దియెవ్ సంగీతం మీద ఆ చూపులే నడుస్తాయి. నవలా రచయిత ఈ సన్నివేశాన్ని రాసి ఉంటే ఒక పేరాలో అయిపోయేది. ఆ నిమిషాలను మనచేత అనుభవింపజేసే శక్తి తెరకుంది, దర్శకురాలు దాన్ని వాడుకుంది. అనుసరణ అంటే కథను కుదించడమే అనుకునే మన టీవీ రచయితలు ఈ ఒక్క దృశ్యాన్నైనా చూడాలి.

నాంపల్లిలో ఒక మిత్రుని మేడగదిలో నాలుగు ఆదివారాలు, వారానికి మూడు భాగాల చొప్పున, దీన్ని ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో చూశాం. చూసినవాళ్ళలో సగం మంది తెలుగు ఎం.ఏ. చదువుతున్న పిల్లలు. రెండో వారం ఒక విద్యార్థి అడిగిన మాట నన్ను వదల్లేదు: "సార్, వీళ్ళంతా ఇంత మర్యాదస్తులైతే మరి ఫాసిజం ఎక్కడుంది?"

అడగదగిన ప్రశ్నే. గెస్టపో అధిపతి మ్యూలర్‌గా లియోనిద్ బ్రొనెవోయ్ నటన చూస్తే, పక్క సెక్షన్ హెడ్ క్లర్కు గుర్తొస్తాడు. అలసిపోయిన మనిషి, చతురుడు, పైవాళ్ళంటే భయమూ వెటకారమూ రెండూ ఉన్నవాడు. ఓలెగ్ తబకోవ్ షెల్లెన్‌బర్గ్ నవ్వితే ముచ్చటేస్తుంది. యూనిఫాంలు పుట్టినప్పుడే ఒంటికి అతుక్కున్నట్టు కుట్టారు. ష్టిర్లిట్స్‌గా వేసిన వ్యాచెస్లావ్ తీఖనోవ్ అందగాడు. ఫాసిజాన్ని ఇంత ఇస్త్రీ మడతల్లో చూపడం ప్రమాదమే, ఆ మేరకు విద్యార్థి ఆక్షేపణ నిలుస్తుంది.

కాని ఇందులో ఇంకో సంగతి ఉంది. ప్రతి పాత్రకూ ఒక ఫైలు చదివి వినిపిస్తారు. జాతి స్వచ్ఛత, నడవడి, తోటి ఉద్యోగులతో సంబంధాలు, పై అధికారుల ప్రశంసలు, అన్నీ ఒకే మూసలో. హంతకుడికీ అదే వాక్యం, వాడిని వేటాడేవాడికీ అదే వాక్యం. రహస్య నివేదికల కింద, సర్వీసు రిజిస్టర్ల కింద జీవితం గడిపిన నా బోటి బడిపంతులుకు ఆ భాష వినగానే ఒళ్ళు జలదరిస్తుంది. మనిషిని మనిషిగా రద్దు చేయడానికి కేకలు, కొరడాలు అక్కర్లేదు, ఒక ఫారం చాలు. ఫాసిజం ఎక్కడుందని అడిగిన పిల్లవాడికి నేను చూపించింది ఈ ఫైళ్ళే. సోవియట్ ప్రేక్షకులు తమ కారిడార్లను కూడా ఇందులో గుర్తుపట్టి ఉంటారు. లేకపోతే ష్టిర్లిట్స్ మీద అన్ని జోకులు పుట్టవు. ఇంకొక చిత్రం: ఈ చిత్రానికి సలహాదారుగా ఉన్న కె.జి.బి. పెద్ద త్స్విగూన్ పేరు టైటిల్స్‌లో మారుపేరుతో కనిపిస్తుంది. గూఢచారి కథకు సలహాదారుడూ మారువేషంలోనే వచ్చాడు!

చరిత్ర దగ్గర నవలా రచయితతో నాకు గట్టి తగాదా ఉంది. వోల్ఫ్, డలెస్‌లు కలుసుకున్నది వాస్తవం. మొదటి సమావేశం 1945 మార్చి 8న. సోవియట్ ప్రతినిధులను చర్చలకు రానివ్వకపోవడమూ వాస్తవమే, స్టాలిన్, రూజ్‌వెల్ట్‌ల మధ్య ఘాటైన ఉత్తరాలు నడిచాయి. కాని కథలో అనిపించినట్టు ఒక్క వీరుని తెలివితో ఆ వ్యవహారం ముగిసిపోలేదు. ఏప్రిల్ 29న సంతకాలు జరిగి, మే 2న ఇటలీలోని జర్మన్ సేనలు లొంగిపోయాయి. ఆ తర్వాత జరిగింది ఏ గూఢచారి నవలకన్నా చేదుగా ఉంటుంది. వోల్ఫ్‌ను న్యూరెంబర్గ్‌లో ముద్దాయిగా నిలబెట్టలేదు. యూదులను ట్రెబ్లింకా మృత్యు శిబిరానికి పంపడంలో భాగం ఉన్నందుకు పశ్చిమ జర్మనీ కోర్టు 1964లో గాని శిక్ష వేయలేదు, ఆ పదిహేనేళ్ళ శిక్షా పూర్తిగా అనుభవించలేదు. డలెస్ 1953లో సి.ఐ.ఏ. అధిపతి అయ్యాడు. సెమ్యోనోవ్ పట్టుకున్న వస్తువు ఇంత పెద్దది. దాన్ని ఒక మనిషి మేధాశక్తి కథగా కుదించడంలో నష్టం జరిగింది.

ఆ మేధాశక్తికి ఇతరులు చెల్లించిన మూల్యం సంగతేమిటి? ప్రొఫెసర్ ప్లైష్నర్‌నే తీసుకోండి. నాజీ నిర్బంధ శిబిరం చూసి వచ్చిన మనిషి. పిరికివాడు, మంచివాడు, పుస్తకాల పురుగు. అనుభవం లేని ఈ మనిషిని ష్టిర్లిట్స్ బెర్న్‌కు పంపుతాడు. ఎవ్‌స్తిగ్నేయెవ్ ఆ పాత్రలో నడిచే నడక చూడాలి. ఏళ్ళ తరబడి భయంతో వంగిన వెన్ను, స్వేచ్ఛ ఉన్న ఊళ్ళో గాలి తగిలేసరికి కొద్దికొద్దిగా నిటారవుతుంది. ఆ మైకంలో, ప్రమాదానికి గుర్తుగా కిటికీలో పెట్టిన పువ్వును గమనించడు. మెట్లెక్కి శత్రువు ఇంట్లోకే వెళ్తాడు. చివరికి విషం మింగి కిటికీలోంచి పడిపోతాడు. మా గదిలో ఎవరూ మాట్లాడలేదు. స్వేచ్ఛ అలవాటు తప్పిన మేధావికి స్వేచ్ఛే ఉచ్చు అయింది. మనవాళ్ళలో దీన్ని రాసిన నవల నాకు వెంటనే తట్టలేదు.

ఫాదర్ ష్లాగ్‌ను, స్కీయింగ్ రాని ఆ ముసలి మతగురువును, మంచుకొండల సరిహద్దు దాటించే ఘట్టం అందరికీ గుర్తుంటుంది. అక్కడ నేను ఆగను. క్లాస్ అనే ద్రోహిని సరస్సు దగ్గర కాల్చేయడం మీదా పెద్దగా సందేహాలు రావు. భౌతిక శాస్త్రవేత్త రూంగె విషయం వేరు. జర్మన్ అణుబాంబు ఆగాలంటే రూంగె జైల్లో ఉండాలి. ఆ కేసును ష్టిర్లిట్స్ అలాగే నడిపించాడు. ఆ పని అవసరమే కావచ్చు, కోట్ల ప్రాణాల లెక్క అటువైపు ఉంది. అయితే జైల్లో కుళ్ళుతున్న ఆ మనిషి గురించి మన వీరుడు ఒక రాత్రైనా నిద్ర పోగొట్టుకోవాలి కదా? నవల ఈ ప్రశ్నను తప్పించుకుంది. అంత తీరిక ఉన్న టెలివిజన్ చిత్రం కూడా తప్పించుకుంది. లక్ష్యం గొప్పదైనప్పుడు సాధనాల బరువును పాత్ర మోయాలి, రచయిత ఆ బరువును దించేస్తే మిగిలేది షాడోయే.

ఇక రేడియో ఆపరేటర్ కేట్. ఆ పాత్ర చూస్తుంటే నాకు నూర్ ఇనాయత్ ఖాన్ గుర్తొచ్చింది. ఆమె తండ్రి ఇనాయత్ ఖాన్ మన హైదరాబాదులోనే అబూ హాషిం మదనీ దగ్గర శిష్యరికం చేసిన సూఫీ. 1910లో పాశ్చాత్య దేశాలకు వెళ్ళాడు. నూర్ 1943లో పారిస్‌లో రహస్య రేడియో నడిపి, పట్టుబడి, 1944 సెప్టెంబరు 13న దఖావ్‌లో హత్యకు గురైంది. కథలో కేట్ బతుకుతుంది. ఎలా బతుకుతుందన్నది ఈ చిత్రంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన విషయం. ఆమెచేత నిజం చెప్పించడానికి రోల్ఫ్ అనే అధికారి పసికందును బట్టలు విప్పి, చలిలో తెరిచిన కిటికీ దగ్గర పెడతాడు. ష్టిర్లిట్స్ అక్కడ లేడు. అతని ఏ పథకమూ అక్కడికి చేరదు. కాపలా ఉన్న హెల్ముట్, యుద్ధంలో దెబ్బతిని వచ్చిన మామూలు జర్మన్ సిపాయి, తుపాకీ తీసి తన పై అధికారినే కాల్చేస్తాడు. అతనికి ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. ఏ సిద్ధాంతమూ చెప్పలేదు. ఆ తర్వాత అనాథాశ్రమంలో ఉన్న తన కూతుర్ని తెచ్చుకోబోయి చచ్చిపోతాడు.

జర్మన్ శ్రామికుడు ఈ కథలో ఎక్కడున్నాడని మా మిత్రుడొకాయన చివరి వారం నిలదీశాడు. నేను హెల్ముట్‌ను చూపించాను. ఆయన ఒప్పుకోలేదు. అది వర్గ చైతన్యం కాదు, తండ్రి ప్రేమ మాత్రమే అన్నాడు. ఆ రెంటి మధ్య గీత ఎక్కడ గీస్తారని నేనడిగాను. వాదం నాంపల్లి స్టేషన్ దాకా సాగింది, తెగలేదు.

చూడదలచిన విద్యార్థులకు ఒక సూచన. 2009లో రంగులద్దిన రూపం ఒకటి వచ్చింది, దాన్ని వదిలేయండి. లియోజ్నొవా తీసింది నలుపు తెలుపుల్లో. నాటి యుద్ధ వార్తాచిత్రాల ముక్కలు కథలో కలిసిపోయేది అందులోనే. రంగుల్లో ఆ యూనిఫాంలు మరీ మెరిసిపోతాయి.