జాజ్ సంగీతమున నామసంకీర్తనము

అమెరికాదేశపు జాజ్ సంగీతమున మన భజనపద్ధతి చొచ్చుటను గూర్చి రెండువిధములైన మాటలు వినవచ్చుచుండును. విదేశీయులు మన వేదాంతమునకు తలయొగ్గిరని పొంగువారు కొందఱు. నామమును వినోదవస్తువు గావించిరని రోయువారు కొందఱు. ఆలిస్ కోల్ట్రేన్ సంగీతమును శ్రద్ధతో వినినచో నీ రెండు మాటలును నిలువవు.

ఆమె భర్త జాన్ కోల్ట్రేన్ 1964 డిసెంబరులో 'ఎ లవ్ సుప్రీమ్' అను కృతిని ధ్వనిముద్రణము చేసెను. మొదటి భాగమున నాలుగు స్వరముల పలుకొక్కటి సాక్సఫోనుపై శ్రుతులు మారుచు తిరుగాడి, తుదకు మనుష్యకంఠమున నామజపమువలె వినవచ్చును. కడపటి భాగమున నాతడు తాను వ్రాసిన ప్రార్థనను నోట ననక, వాద్యముచేతనే యక్షరమక్షరముగా పలికించెను. ఇందు మంత్రమను పేరు లేదు. జపలక్షణము నిండుగా నున్నది. మఱుసటి యేటి 'ఓమ్' అను కృతిలో గీతావాక్యములే చదివిరి. కాని యా పఠనము వాద్యఘోషకు వాకిట నిలిచినదేగాని లోనికి రాలేదు.

1967లో భర్త గతించునాటికి ఆలిస్‌కు ముప్పదియేండ్లు నిండలేదు; నలుగురు బిడ్డలు. అట్టి స్త్రీకి మన యిండ్లలో చూపబడు మూలగది యేదో చదువరులెఱుగుదురు. ఆమె హార్ప్ వాద్యమును, ఆర్గనును, బృందనాయకత్వమును చేపట్టెను. 1971లో వెలువడిన 'జర్నీ ఇన్ సచ్చిదానంద'లో తంబురానాదముపై నామె హార్ప్ తేలియాడును. 1983లో కాలిఫోర్నియాలో నాశ్రమము స్థాపించి, తురీయసంగీతానంద యను పేర తానే గురుస్థానమున గూర్చుండెను.

అచ్చటి సంకీర్తనములలో నొకరు పాడగా నందఱు నందుకొందురు. ఇది మన వీధిభజనలలోను కలదు, నల్లజాతివారి చర్చీలలోను కలదు. బాల్యమున డెట్రాయిట్ చర్చిలో వాయించిన చేతులే యవి. ఆ చప్పట్లును ఆ యూపును అచ్చటివే. కావున దీనిని మనమిచ్చిన యెరువుసొమ్మనరాదు. ఉచ్చారణదోషములు వెదకు పండితులు ముందుగా మన పల్లెభజనలలోని సంస్కృతమును విని రావలెను.

1982లో నామె 'తురీయ సింగ్స్' అను పాటలను కాసెట్టుగా మాత్రమే వెలువరించెను. అందు తంత్రీవాద్యములును సింథసైజరును కంఠమును పలుచోట్ల ముంచివేయును. ఆమె 2007లో మరణించెను. 2021లో కుమారుడు రవి కోల్ట్రేన్ ఆ పాటలనే కంఠమును ఆర్గనును మాత్రము నిలిపి ప్రకటించెను. ఈ కూర్పు నా చెవికి హితవైనది. తగ్గుస్థాయిలో, తొందరలేక సాగు నా గొంతు పూజగదిలో తల్లి పాడుకొనునట్లుండును. అయినను భక్తి యనగా నిరాడంబరమేయని యాబాల్యము నేర్చిన చెవి యిది. దాని తీర్పును పూర్తిగా నమ్మరాదు. సింథసైజరును తెచ్చిపెట్టినది రికార్డుల వర్తకుడు కాదు, ఆమెయే. ఆమె వినగోరిన వైకుంఠమున నా విద్యున్నాదము కూడ నుండెను. కనుక 2021 నాటి కూర్పే శుద్ధమైనదని, కాసెట్టు చెడిన ప్రతియని చెప్పువారితో నేనేకీభవింపజాలను.