కాళ్లతో నేర్చుకునే కథలు

అరకు లోయలో కథ చెవికంటే ముందు కాలికెక్కుతుంది. నమ్మకపోతే చైత్రంలో ఇటుకల పండగప్పుడు ఏదైనా గూడేనికి వెళ్లి థింసా నాట్యం చూడండి. ఆడవాళ్లు ఒకరి వీపు వెనకనుంచి ఒకరు చేతులు పెనవేసి వరస కడతారు. ఆ వరస చివర పిల్లలు తగులుకుంటారు. ఆపి దిద్దేవాళ్లుండరు. పక్కనున్న అత్త నడుము ఎటు వాలితే అటు వాలడమే పాఠం.

థింసాలో రకాలున్నాయి. బోడ థింసా గ్రామదేవతకి మొక్కు. పోటార్ తోలాలో ఆకులు కోస్తున్నట్టు ఆడతారు. వీటిలో నా ఓటు మాత్రం బాగ్ థింసాకే. అది పులి మీదపడ్డప్పటి ఆట. సగంమంది చేతులు పట్టుకుని తలలు వంచి వలయంగా నిలబడితే, తక్కినవాళ్లు అందులోకి దూరి పాముచుట్టలా చుట్టుకుపోతారు. అసలు పులిని ఎన్నడూ చూడని పిల్లకి కూడా ఎలా వంగాలో, ఎవరి చెయ్యి వదలకూడదో ఒంటికి తెలిసిపోతుంది. ఏ పుస్తకం ఇంత బాగా చెప్పగలదు!

ఇక తుడుము వాయించే పెద్దలు! డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ములు హోరెత్తుతున్నా వాళ్ల కన్ను వరస చివరి పసివాళ్ల మీదే. చిన్న కాళ్లు తడబడితే దెబ్బ నెమ్మదిస్తుంది, కుదుటపడగానే మళ్లీ జోరు. అంతటి గురువులను నేను ఏ సంగీత కళాశాలలోనూ చూడలేదు.

బొర్రా గుహల కథా అంతే, చోటుతోనే వస్తుంది. పైకప్పు కంతలోంచి ఆవు జారిపడింది, వెతుక్కుంటూ దిగిన కాపరికి శివలింగం కనబడింది. ఆ కంత కింద నిలబడి తలెత్తి చూసిన పిల్లాడికి కథ మళ్లీ చెప్పక్కర్లేదు.

ఇక బడి సంగతి. పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పడం విలువ గిడుగు రామమూర్తి ఎప్పుడో గ్రహించాడు. సవర భాష నేర్చుకుని, సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు నడిపాడు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కువి, కొండ, ఆదివాసీ ఒరియా సహా ఎనిమిది భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టింది. మంచి పనే. కానీ పుస్తకంలోకెక్కిన పులి పాకదు కదా!

రిసార్టుల్లో జరిగేది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రాత్రి భోజనాల ముందు పది నిమిషాల థింసా, వెనక స్పీకర్లో సినిమా పాట, సెల్ఫీలకి ఒక నిలుపు. అక్కడ పులి లేదు, దేవత లేదు, వరస చివర పిల్లలసలే లేరు. దాన్ని థింసా అనడం ఆ తుడుము పెద్దలకి అవమానం. ఇంకోపక్క, ఆడాల్సిన పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో ఉన్నారు. చైత్రం వచ్చేసరికి వాళ్లకి పరీక్షలు.

పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పెద్దలకి నా విన్నపం ఒక్కటే. ఇటుకల పండగకి పిల్లల్ని ఇళ్లకి పంపండి, పరీక్షలు అటో ఇటో జరపండి. తుడుము వాయించే తాతల్నీ వరస నడిపే అవ్వల్నీ వారానికో పూట బడికి పిలిచి, మాస్టార్లకిచ్చినట్టే జీతమివ్వండి.