చీటీ తప్పితే లెక్క నిలుస్తుందా?

ఆలివ్ నూనె వాడితే గుండెజబ్బు ముప్పు 30 శాతం తగ్గుతుందన్న మాట మీరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. ఆ మాటకు పెద్ద ఆధారం స్పెయిన్ దేశంలో జరిగిన ఒక ప్రయోగం. దాని పేరు ప్రెడిమెడ్. దాని ఫలితాలు 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. అయిదేళ్ళ తరువాత, 2018 జూన్‌లో, అదే పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. దాని స్థానంలో దిద్దిన వ్యాసాన్ని ప్రచురించింది. మొదటి వార్తను చదివినవారిలో ఎంతమంది రెండో వార్త చదివారు? ఆహారానికీ జబ్బుకీ ఉన్న సంబంధాన్ని తేల్చడం ఎంత కష్టమో తెలుసుకోవాలంటే ఈ రెండు వ్యాసాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి.

ప్రయోగం ఎలా సాగింది?

ప్రెడిమెడ్‌లో 7,447 మంది పాల్గొన్నారు. పురుషుల వయసు 55 నుంచి 80, స్త్రీల వయసు 60 నుంచి 80. చేరేనాటికి వీరెవరికీ గుండెజబ్బు లేదు. కాని మధుమేహమో, లేక రక్తపోటు, పొగతాగడం, అధిక బరువు వంటి ముప్పుల్లో కనీసం మూడో ఉన్నవారినే ఎంచుకున్నారు. వారిని మూడు బృందాలుగా విభజించారు. మధ్యధరా ప్రాంతపు సంప్రదాయ ఆహారం, అంటే కూరగాయలు, పండ్లు, పప్పుదినుసులు, చేపలు ఎక్కువగా తినమని రెండు బృందాలకు చెప్పారు. వాటిలో ఒక బృందానికి ఇంటికి వారానికి లీటరు చొప్పున మేలురకం ఆలివ్ నూనె ఉచితంగా ఇచ్చారు. రెండో బృందానికి రోజుకు 30 గ్రాముల లెక్కన అక్రోట్లు, బాదం, హేజెల్ గింజలు ఇచ్చారు. మూడోది పోలిక కోసం పెట్టిన బృందం. కొవ్వు తగ్గించుకోమని దానికి సలహా మాత్రం ఇచ్చారు.

ఈ ప్రయోగంలో మెచ్చుకోవలసినవి చాలానే ఉన్నాయి. రక్తంలో కొలెస్టరాల్ ఎంత తగ్గిందో చూసి ఊరుకోలేదు. గుండెపోటు, పక్షవాతం, హృద్రోగ మరణం నిజంగా ఎంతమందికి వచ్చాయో లెక్కించారు. మనుషులు తిన్నామని చెప్పిన మాటనే నమ్ముకోలేదు. కొందరి మూత్రాన్నీ రక్తాన్నీ పరీక్షించి, ఆలివ్ నూనె, అక్రోట్ల జాడలు వాటిలో ఉన్నాయో లేదో సరిచూశారు. ఆహారంపై జరిగే పరిశోధనల్లో ఇంత జాగ్రత్త అరుదు.

చీటీలు ఎందుకు వేయాలి?

ఎవరు ఏ బృందంలోకి వెళ్ళాలో పరిశోధకుడు నిర్ణయించకూడదు, పాల్గొనే వ్యక్తీ నిర్ణయించకూడదు. చీటీ నిర్ణయించాలి. దీనినే యాదృచ్ఛిక విభజన అంటారు. ఇంత పట్టింపు ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం.

మీ తరగతిలో ట్యూషన్‌కు వెళ్ళేవారికి మార్కులు ఎక్కువ వచ్చాయనుకోండి. అది ట్యూషన్ మహిమేనా? ఫీజు కట్టగల ఇల్లు, ఇంట్లో చదువుకోవడానికి కాస్త చోటు, చదివించాలన్న తల్లిదండ్రుల పట్టుదల కూడా అక్కడే ఉంటాయి కదా! వాటిలో ఏది ఎంత పనిచేసిందో విడదీయడం కష్టం. అదే చీటీలు వేసి సగంమందిని పంపితే, డబ్బున్నవారూ లేనివారూ, శ్రద్ధ ఉన్నవారూ లేనివారూ రెండు వైపులా దాదాపు సమానంగా పడతారు. ఆ తరువాత కనిపించే తేడాను ట్యూషన్‌కు ఆపాదించవచ్చు.

ఆరోగ్య పరిశోధనలో ఇదే పొరపాటు ఒకసారి చాలా ఖరీదుగా పరిణమించింది. ముట్లుడిగిన తరువాత హార్మోన్లు వాడే స్త్రీలకు గుండెజబ్బులు తక్కువని అమెరికాలో వేలాదిమంది నర్సులను ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం చెప్పింది. లక్షలాది స్త్రీలు ఆ మందులు వాడారు. తరువాత 16,608 మంది స్త్రీలను చీటీల పద్ధతిలో విభజించి పరీక్షించారు. ఆ ఫలితాలు 2002లో వచ్చాయి. రెండు హార్మోన్లు కలిపి వాడినవారిలో గుండెజబ్బు తగ్గలేదు సరికదా, కొంత పెరిగింది. రొమ్ము క్యాన్సర్ కూడా పెరిగింది. తమంతట తామే హార్మోన్లు వాడినవారు మొదటినుంచీ ఆరోగ్యంపై ఎక్కువ శ్రద్ధ, వసతి ఉన్నవారు కావడం ఆ తేడాకు ఒక ముఖ్య కారణం.

చీటీల పద్ధతిలో జరిగింది కనుకనే ప్రెడిమెడ్‌కు అంత విలువ వచ్చింది.

మత్తుమందు వైద్యుడి అనుమానం

2017లో జాన్ కార్లైల్ అనే బ్రిటిష్ మత్తుమందు వైద్యుడు ఒక విచిత్రమైన పని చేశాడు. ఎనిమిది వైద్య పత్రికల్లో వచ్చిన 5,087 ప్రయోగాలను తీసుకుని, ప్రయోగం మొదలయ్యే నాటికి బృందాల సగటు వయసు, ఎత్తు, బరువు వంటివి ఎలా ఉన్నాయో చూశాడు. నాణేన్ని 100 సార్లు ఎగరేస్తే బొమ్మ సరిగ్గా 50 సార్లే పడదు. 90 సార్లు పడితే మాత్రం నాణేన్ని అనుమానించాలి. అలాగే నిజంగా చీటీలు వేస్తే బృందాల మధ్య కొద్దిపాటి తేడాలు సహజం. ఆ తేడాలు మరీ ఎక్కువగా ఉన్నా, మరీ తక్కువగా ఉన్నా ఎక్కడో ఏదో జరిగిందన్నమాట. అలా అనుమానించదగినవని తేలిన వాటిలో ప్రెడిమెడ్ ఒకటి.

స్పెయిన్ పరిశోధకులు పాత రికార్డులు తీసి చూశారు. మూడు లోపాలు బయటపడ్డాయి. మొదటిది, 425 మందికి అసలు చీటీయే పడలేదు. వారి ఇంట్లో అంతకుముందే ఒకరు చేరి ఉండడంతో వీరినీ అదే బృందంలో వేశారు. రెండోది, ఒక కేంద్రంలో 467 మందిని మనిషికి ఒక చీటీ చొప్పున కాక, ఆసుపత్రికి ఒకటి చొప్పున విభజించారు. మూడోది, ఇంకో కేంద్రంలో చీటీల పట్టికను సరిగ్గా పాటించినట్లు కనిపించలేదు.

పొరుగింటి నూనె సీసా

రెండో లోపం ఎలా జరిగిందో పరిశోధకులే తరువాత చెప్పారు. చిన్న ఊళ్ళలో ఇరుగుపొరుగువారు ఒకరినొకరు చూసుకున్నారు. పక్కింటివారికి ఉచితంగా ఆలివ్ నూనె వస్తుంటే తమకు గింజలో, చిన్నపాటి కానుకో ఇస్తారేమని అడిగారు. ఆ పేచీ పడలేక అక్కడి పరిశోధకుడు ఊరంతటికీ ఒకే ఆహారం ఖాయం చేశాడు. ఇందులో ఆయన దురుద్దేశం కనిపించదు. ఊరివారి అభిమానం దెబ్బతినకుండా చూసుకున్నాడంతే. మన పల్లెల్లో ఇలాంటి పని చేయబోయినా ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

మరి ఇది తప్పెందుకయింది? ఒక ఊరివారికి మంచి డాక్టరు ఉండవచ్చు. ఇంకో ఊరివారు పొలాలకు నడిచి వెళ్ళేవారు కావచ్చు. ఊరంతా ఒకే బృందంలో పడితే, ఆ ఊరి మంచిచెడ్డలన్నీ నూనె ఖాతాలో చేరిపోతాయి. ఇక ఒకే ఇంటి దంపతులు ఒకే వంట తింటారు. వారి ఇద్దరికీ కలిపి పడింది ఒక్క చీటీ. దానిని రెండుగా లెక్కిస్తే, ఫలితం ఉన్నదానికన్నా గట్టిగా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇంటికో చీటీ, ఊరికో చీటీ వేయడం తప్పు కాదు. అలా విభజించే పద్ధతీ ఉంది, దానికి తగిన గణితమూ ఉంది. కాకపోతే అందుకు చాలా ఊళ్ళు కావాలి. ఊరికి ఒక చీటీ వేసి, మనిషికి ఒక చీటీ వేశామని పత్రికలో రాయడమే అసలు తప్పు. పరిశోధనా వ్యాసాన్ని చదివేవాడు ఆ ఊరికి వెళ్ళి చూడలేడు. అతనికి ఉన్న ఆధారమంతా రాసిన మాటే.

దిద్దిన తరువాత ఏం మిగిలింది?

పరిశోధకులు లెక్కలన్నీ తిరిగి వేశారు. తప్పు జరిగిందని తెలిసినవారినీ, జరిగి ఉండవచ్చనుకున్నవారినీ కలిపి 1,588 మందిని పక్కన పెట్టి కూడా చూశారు. ఫలితం దాదాపు మారలేదు. ముప్పులో తగ్గుదల సుమారు 30 శాతంగానే నిలిచింది. మారింది భాష. మొదటి వ్యాసం ఈ ఆహారం జబ్బులను తగ్గించిందని చెప్పింది. రెండోది ఈ ఆహారం కేటాయించిన బృందాల్లో జబ్బులు తక్కువగా వచ్చాయని చెప్పింది. రెండూ ఒకటే కదా అనిపిస్తుంది. కాని మొదటిది కారణాన్ని చెబుతోంది, రెండోది కనిపించినదాన్ని చెబుతోంది. చీటీ సడలిన మేరకు మాట కూడా సడలింది.

మన దేశంలోనూ ఇలాంటి సందర్భం ఒకటి ఉంది. మొరాదాబాద్ నుంచి వెయ్యిమందిపై భారతీయ తరహా మధ్యధరా ఆహారాన్ని పరీక్షించామంటూ 2002లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. దానిపై తమకు సందేహాలున్నాయని ఆ పత్రిక 2005లో బహిరంగంగా ప్రకటించింది. ప్రెడిమెడ్ పరిశోధకులు పదేళ్ళ పైబడిన కాగితాలను బయటపెట్టి తమ తప్పును తామే లెక్కగట్టగలిగారు. రికార్డులను భద్రపరచడం కూడా విజ్ఞానశాస్త్రంలో ప్రయోగమంత ముఖ్యమైన పని.

30 శాతం అంటే ఎంతమంది?

చీటీల సంగతి అలా ఉంచితే, ప్రెడిమెడ్‌ను విమర్శించవలసిన అంశాలు మరికొన్ని ఉన్నాయి.

2013 వ్యాసం ప్రకారం వెయ్యిమందిని ఏడాదిపాటు గమనిస్తే, పోలిక బృందంలో 11.2 మందికి గుండెపోటో, పక్షవాతమో, హృద్రోగ మరణమో సంభవించింది. ఆలివ్ నూనె బృందంలో 8.1 మందికి. అంటే ఏడాదికి వెయ్యిమందిలో ముగ్గురు తప్పించుకున్నారు. తక్కిన 997 మందికి ఆ ఏడాది నూనె వాడినా వాడకపోయినా తేడా లేదు. 30 శాతం అన్నా, వెయ్యికి ముగ్గురన్నా రెండూ నిజమే. మొదటిది మాత్రమే వార్తకు శీర్షిక అవుతుంది. అలాగని ముగ్గురే కదా అని కొట్టిపారేయనూ కూడదు. దేశం మొత్తానికి లెక్కవేస్తే అది చాలా పెద్ద సంఖ్య.

ఈ మేలులో స్పష్టంగా తేలింది పక్షవాతం విషయంలోనే. గుండెపోటును విడిగా చూసినా, మొత్తం మరణాలను చూసినా కచ్చితంగా చెప్పగల తేడా రాలేదు. అందువల్ల "గుండెపోటు 30 శాతం తగ్గింది" అని రాసినవారు వ్యాసంలో లేని మాట రాశారు.

పోలిక బృందాన్ని సమానంగా చూశారా అన్నది మరో ప్రశ్న. మొదటి మూడేళ్ళు వారికి ఏడాదికొక కరపత్రం అందింది. మిగతా రెండు బృందాలవారితో మాత్రం నిపుణులు తరచుగా కూర్చుని మాట్లాడారు. ఈ లోపాన్ని మధ్యలో గుర్తించి సరిదిద్దారు. అప్పటికి కొంత కాలం గడిచిపోయింది. పోలిక బృందం నుంచి సుమారు 11 శాతం మంది మధ్యలో జారిపోతే, మిగతా రెండింటి నుంచి సుమారు 5 శాతమే జారిపోయారు. పైగా వారు కొవ్వును నిజంగా తగ్గించుకున్నది చాలా స్వల్పం. ఫలితం బాగుందని ప్రయోగాన్ని 2011లో ముందుగానే ఆపేశారు. ముందుగా ఆపిన ప్రయోగాల్లో మేలు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించే అవకాశం ఉంది.

మన వంటింటికి ఇది వర్తిస్తుందా?

స్పెయిన్‌లో ఆలివ్ నూనె కొత్త పదార్థం కాదు. పోలిక బృందంలోని ఇళ్ళలో కూడా వంట చాలావరకు దానితోనే. కాబట్టి వేరుశనగ నూనె, నువ్వుల నూనెలకన్నా ఆలివ్ నూనె మేలని ప్రెడిమెడ్ చెప్పలేదు. ఆ పోలికే అందులో లేదు. తెల్లన్నం ప్రధానమైన భోజనంలో ఒక్క నూనె మారిస్తే ఏమవుతుందో కూడా అది చెప్పలేదు. ఖరీదైన సీసా కొనలేని కుటుంబం తనకేదో అన్యాయం జరిగిందని బెంగపడనక్కరలేదు.

మనకు ఈ ప్రశ్నలు తీరిక కబుర్లు కావు. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో దేశమంతటా 1,13,043 మందిని పరీక్షించిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. పెద్దవారిలో 11.4 శాతం మందికి, అంటే సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉందని అది అంచనా వేసింది. జబ్బు ఎంతమందికి ఉందో సర్వే చెబుతుంది. ఏం తింటే తగ్గుతుందో చెప్పడానికి ప్రయోగం కావాలి. మన బియ్యంతో, మన పప్పుతో, మన నూనెలతో, చీటీ తప్పకుండా చేసిన ప్రయోగం కావాలి. ఇప్పుడు చదువుకుంటున్న మీలో కొందరు ఆ పనికి పూనుకోవలసినవారే.

ప్రెడిమెడ్‌ను పారేయవలసిన పని లేదు. కూరగాయలు, పప్పులు, గింజలు ఎక్కువగా తినమన్న సలహాకు అది ఇప్పటికీ ఒక మంచి ఆధారమే. 2013లో అనుకున్నంత గట్టి ఆధారం మాత్రం కాదు. ఇకమీదట ఆరోగ్య వార్త ఏది చదివినా నాలుగు ప్రశ్నలు వేసుకోండి. మనుషులను ఎవరు విభజించారు? ఎవరితో పోల్చారు? వెయ్యికి ఎంతమంది? తరువాత ఎవరైనా సరిచూశారా? స్పెయిన్ ఊళ్ళో పక్కింటి సీసాను చూసి ప్రశ్న వేసినవారు, తమకు తెలియకుండానే, వీటిలో మొదటి ప్రశ్నే వేశారు. దానికి జవాబు వ్యాసంలో చేరడానికి 2018 దాకా పట్టింది.