పందెం ఆగిన చోటు: 'రష్' చిత్రంలో వాస్తవికత

మోటారు పందేల మీద తీసిన సినిమా వాస్తవికంగా ఉందా అన్న ప్రశ్నకు వచ్చే సమాధానాలు సాధారణంగా యంత్రాల చుట్టూనే తిరుగుతాయి. కారు ఆ ఏడాదిదేనా, ఇంజను మోత సరిగా ఉందా, అంత వేగంలో ఆ మలుపు తిరగడం సాధ్యమా అని చూస్తారు. రాన్ హవార్డ్ దర్శకత్వంలో 2013లో వచ్చిన 'రష్' ఈ పరీక్షల్లో చాలావరకు నెగ్గుతుంది. అయితే ఒక క్రీడను ఉన్నదున్నట్టు చూపడమంటే దాని పరికరాలను సరిగా చూపడం ఒక్కటే కాదు. ఆ క్రీడలోని మనుషులు ఒకరికొకరు ఏమవుతారో కూడా చూపాలి. వృత్తిరీత్యా వైద్యుణ్ణి కావడం వల్లనేమో, ఈ సినిమాలో నాకు తోచిన లోపం ఈ రెండో విషయానికి సంబంధించినది.

1976 ఫార్ములా వన్ పోటీల్లో ఆస్ట్రియా దేశస్థుడు నికీ లౌడాకూ, ఇంగ్లండుకు చెందిన జేమ్స్ హంట్‌కూ మధ్య సాగిన పోరు ఈ చిత్రానికి ఇతివృత్తం. రచన పీటర్ మోర్గన్‌ది. లౌడాగా డానియల్ బ్రూల్, హంట్‌గా క్రిస్ హెమ్స్‌వర్త్ నటించారు. ఫెరారీ కారులో పాయింట్ల పట్టికలో ముందున్న లౌడా ఆగస్టు 1న జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగ్‌లో ప్రమాదానికి గురై మంటల్లో చిక్కుకున్నాడు. 42 రోజుల తర్వాత ఇటలీలోని మోంజాలో మళ్ళీ కారెక్కి నాలుగో స్థానంలో నిలిచాడు. అక్టోబరు 24న జపాన్‌లోని ఫుజీలో చివరి పందెం. కుండపోత తర్వాత నీళ్ళు నిలిచిన ఆ దారిలో రెండు చుట్లు తిరిగి, ఇక నడపనని తప్పుకున్నాడు. హంట్ మూడో స్థానంలో వచ్చి, 69–68 పాయింట్లతో ప్రపంచ విజేత అయ్యాడు. ఇదంతా చరిత్ర. సినిమా దీన్ని మార్చలేదు.

మార్చినవి వేరే ఉన్నాయి. లౌడా, హంట్ నిజజీవితంలో తొలి రోజులనుంచీ స్నేహితులు. తెరమీద మాత్రం బద్ధవిరోధులు. ఆ ట్రాక్ ప్రమాదకరమని, పందేన్ని బహిష్కరించాలని లౌడా వాదించింది నిజమే కాని, ఆ చర్చ నెలల ముందే జరిగింది; సినిమా దాన్ని పందెం రోజుకు తెచ్చింది. లౌడాను అవమానించిన విలేఖరిని హంట్ చితకబాదే సన్నివేశం పూర్తిగా కల్పితం. రెండు గంటల్లో ఒక ఏడాది కథ చెప్పాలంటే ఇలాంటి కుదింపులు, కల్పనలు తప్పవు. వీటిమీద నాకు పేచీ లేదు.

ఆసుపత్రి దృశ్యాల విషయంలోనూ చిత్రం శ్రద్ధగానే ఉంది. ఆ రోజు లౌడా హెల్మెట్ ఊడిపోయింది. తల, ముఖం కాలాయి. కుడి చెవి చాలావరకు పోయింది. కాని ప్రాణం మీదికి తెచ్చింది చర్మం మీది గాయాలు కావు, లోపలికి పీల్చిన పొగ. మంటల్లో చిక్కుకున్న మనిషిలో వేడికి గొంతు భాగం వాచిపోతుంది. విషవాయువులు శ్వాసనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. అక్కడ ఊరే ద్రవాలు, మసి గాలి దారికి అడ్డుపడతాయి. పైకి కనిపించే గాయాన్ని చూసి లోపలి దెబ్బను తక్కువగా అంచనా వేయకూడదన్నది మాకు మొదట నేర్పే పాఠాల్లో ఒకటి. నోటిగుండా లోహపు గొట్టం దించి ఊపిరితిత్తుల్లోని ద్రవాన్ని లాగే దృశ్యాన్ని చాలామంది ప్రేక్షకులు చూడలేకపోయి ఉంటారు. చూడడం కష్టమే, కాని ఆ కష్టం నిజమైనది.

అదే దృశ్యంలో గదిలోని టీవీలో హంట్ పందేలు నడుస్తుంటాయి. అవి చూసి లౌడా పళ్ళు బిగించి, చికిత్స ఇంకా సాగించమంటాడు. అంటే ప్రత్యర్థి మీది పంతమే అతనికి మందైందని సినిమా చెబుతోంది. పంతం మనిషిని మంచం మీదనుంచి లేపవచ్చు; కాలిన పొరను మాన్పలేదు. లౌడా స్వయంగా తర్వాతి కాలంలో, మోంజాలో భయాన్ని జయించానని తాను చెప్పింది నిజం కాదని, అప్పుడు భయంతో బిగుసుకుపోయానని రాశాడు. సినిమా ఆ భయాన్ని కొన్ని క్షణాలు చూపి, వెంటనే గెలుపు సంగీతంలోకి వెళ్ళిపోతుంది.

ఈ పంతం సూత్రమే అసలు లోపానికి దారితీసింది. న్యూర్‌బుర్గ్‌రింగ్ పాత ట్రాక్ ఒక్క చుట్టు దాదాపు 23 కిలోమీటర్లు. అంత దారి పొడవునా సిబ్బందిని, అంబులెన్సులను దగ్గరదగ్గరగా నిలపడం అసాధ్యం. బెర్గ్‌వెర్క్ మలుపు దగ్గర లౌడా కారు మండుతున్నప్పుడు అతన్ని బయటికి లాగింది వెనకనుంచి వచ్చిన పోటీదారులు. ఆర్తూరో మెర్జారియో, గై ఎడ్వర్డ్స్, బ్రెట్ లంగర్, హారాల్డ్ ఎర్టల్. నలుగురూ కార్లు వదిలి మంటల దగ్గరికి వెళ్ళారు. సీటు బెల్టు విప్పింది మెర్జారియో. 1973లో ఫెరారీ జట్టులో ఉన్న డ్రైవరతను. మరుసటి ఏడాది ఆ జట్టు అతన్ని వదిలి లౌడాను తీసుకుంది. పంతమే ఈ క్రీడకు మూలమైతే, ఆ చెయ్యి ఆ బెల్టు దాకా వెళ్ళి ఉండేది కాదు.

ఆ రక్షణ దృశ్యం సినిమాలో లేకపోలేదు. కొన్ని క్షణాల్లో జరిగిపోతుంది; ఆ నలుగురు ఎవరో, తమ పందేన్ని ఎందుకు ఆపుకున్నారో ప్రేక్షకుడికి తెలియదు. ఇద్దరి వైరం మీద కట్టిన కథలో మూడోవాడికి చోటు లేదు. కాలిన మనిషికి మంటల్లో గడిచే ఒక్కొక్క క్షణం ఎంత విలువైనదో తెలిసిన నాకు, ఆసుపత్రిలో గడిచిన రోజులకన్నా ఆ నిమిషమే కథకు కేంద్రమనిపిస్తుంది. ఆ నిమిషం లేకపోతే చికిత్స చేయడానికి రోగి ఉండేవాడు కాదు.

ఇది ఒక్కనాటి ముచ్చట కూడా కాదు. 1978లో మోంజాలో రోనీ పీటర్సన్ కారు అంటుకున్నప్పుడు మంటల్లోంచి లాగినవారిలో జేమ్స్ హంట్ ఒకడు. సినిమాలో విలాసపురుషుడిగా, పోటీదారుగా మాత్రమే కనిపించే హంటే. పీటర్సన్‌ను నిప్పు చంపలేదు. విరిగిన కాళ్ళ ఎముకల్లోని కొవ్వు రక్తంలో కలిసి ప్రవాహానికి అడ్డుపడడంతో మర్నాడు మరణించాడు. ఆ ఏడాదే ఫార్ములా వన్‌కు వైద్యుడిగా వచ్చిన నాడీశస్త్రవైద్యుడు సిడ్ వాట్కిన్స్, ఆ తర్వాత మొదటి చుట్టులో కార్ల వెంటే వైద్యుల కారు వెళ్ళాలని పట్టుబట్టాడు. 2020లో బహ్రెయిన్‌లో రోమాన్ గ్రోజాన్ కారు రెండు ముక్కలై మండినప్పుడు, అతను అర నిమిషం లోపే బయటపడి ఎదురుగా ఉన్న వైద్యుడి చేతుల్లో పడ్డాడు. 1976లో నలుగురు పోటీదారులు తమంతట తాము చేసిన పని, ఇప్పుడు నియమంగా, ఏర్పాటుగా మారింది.

'రష్'లో గై ఎడ్వర్డ్స్ పాత్రను ఆయన కొడుకు, స్వయంగా పందేల డ్రైవరైన షాన్ ఎడ్వర్డ్స్ పోషించాడు. తండ్రి నిజంగా చేసిన పనిని కొడుకు తెరమీద చేశాడు. సినిమా విడుదలైన కొద్ది వారాలకే, 2013 అక్టోబరులో, ఆస్ట్రేలియాలోని ఒక ట్రాక్ మీద మరొకరికి శిక్షణనిస్తూ ప్రయాణికుడి సీట్లో కూర్చుని ఉండగా ప్రమాదంలో మరణించాడు. అప్పటికి అతని వయసు 26. ఈ విషయం తెలిశాక సినిమాను మళ్ళీ చూశాను. మొదటిసారి నేను గమనించనైనా గమనించని ఆ కొన్ని క్షణాల దగ్గర చూపు ఆగిపోయింది.

చక్రాలను, వానను, ఇంజను మోతను ఇంత నిజాయితీగా పట్టుకున్న చిత్రం మరొక్క నిమిషం ఆ నలుగురికి ఇచ్చి ఉంటే, క్రీడను కూడా అంతే నిజాయితీగా చూపినట్టయ్యేది.