ముందు పాదం వింటుంది

చెక్కభజనలో మొదట కుదరాల్సింది అడుగు. అడుగు కుదిరాక చేతిలో చెక్కలు, చెక్కలు కుదిరాక గొంతులో పాట. తనకల్లు చుట్టుపక్కల పల్లెల్లోనే కాదు, రాయలసీమలో ఎక్కడ చూసినా పొద్దుగూకాక రామాలయం ముందు బయల్లో పిల్లల్ని వరసగా నిలబెట్టి నేర్పే పద్ధతి దాదాపు ఇదే. పసిపిల్లలకు సంగీతం మీద ఇష్టం ఎలా కలిగించాలని పట్నాల్లో తల్లిదండ్రులు, టీచర్లు తలలు పట్టుకుంటున్న ఈ రోజుల్లో ఆ వరసను ఒకసారి శ్రద్ధగా చూడాలని నాకు అనిపిస్తుంది.

కదిరి నుంచి మదనపల్లె వెళ్లే దారిలో ఉంటుంది తనకల్లు. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా. వాన మీద ఆశ పెట్టుకుని చెనిక్కాయ వేసే మెట్టనేల ఇది. వాన మొహం చాటేసిన ఏడు అమ్మానాన్నలు బెంగుళూరు పనులకు పోతారు, పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉండిపోతారు. ఇలాంటి ఊళ్లో సంగీతం మాస్టారు ఎక్కడ దొరుకుతాడని నిట్టూర్చేవాళ్లున్నారు. కానీ ఆ అవ్వకు లాలిపాటలు వచ్చు, సువ్విపాటలు వచ్చు, గొబ్బిపాటలు వచ్చు. తాత వయసులో ఉన్నప్పుడు చెక్క పట్టినవాడై ఉంటాడు. పాఠ్యపుస్తకం ఇంట్లోనే ఉంది, తెరిచేవాళ్లు కావాలి.

ఇక్కడ ఒక సంగతి తేల్చుకోవాలి. పిల్లలందరూ గాయకులు కానక్కర్లేదు. పాట విని ఆనందించే మనిషిగా ప్రతి పిల్లవాడూ ఎదగాలి. అందుకు నేర్పాల్సింది ఎదురుచూడడం. పల్లవి ఎప్పుడు తిరిగొస్తుందో, దెబ్బ ఎక్కడ పడుతుందో, గొంతు ఎప్పుడు పైకి లేస్తుందో ముందే ఊహించి, ఆ ఊహ నిజమైతే మురిసిపోవడం, తప్పితే ఆశ్చర్యపోవడం. సంగీతంలో రసమంతా ఆ ఎదురుచూపులోనే పుడుతుంది. నోటితో చెప్తే పిల్లలకు ఎక్కే విషయం కాదిది. పాటలో వాళ్లకొక పని అప్పజెప్పాలి.

చెక్కభజన చేసేది సరిగ్గా ఇదే. గురువు ఒక చరణం పాడతాడు, జట్టంతా వంత పాడుతుంది. వంత అందుకోవాలంటే గురువు గొంతు ఎక్కడ వదిలిందో పిల్లవాడు పట్టుకోవాలి. ఆలోపు కాలు ఆగకూడదు, గజ్జె తప్పకూడదు, చేతిలో ఇత్తడి బిళ్ళలు పొదిగిన చెక్కలు పక్కవాడి చెక్కలతో ఒకే మోతగా మోగాలి. మొదట నిదానంగా నడిపి, వేగం కొద్దికొద్దిగా పెంచుతూ పోయి, పతాకస్థాయిలో ఒక్కసారిగా ఆపుతారు. ఆ ఆపడం గొప్ప పాఠం. ఇరవై జతల కాళ్లు ఒకే క్షణంలో నిలిచాయంటే ఇరవైమందీ చెవులు రిక్కించి ఉన్నారనే అర్థం. పాట నిండా రామాయణ భారతాల కథ నడుస్తూ ఉంటుంది కాబట్టి, తర్వాత ఏమవుతుందన్న ఆసక్తి కూడా లయతో కలిసి పిల్లల్ని లాక్కెళుతుంది.

కోలాటానిది ఇంకో తెలివి. కోపు, అంటే ఆట తీరు, మారినప్పుడల్లా ఎదుటి మనిషి మారతాడు. నీ కోల ఎవరి కోలకు తగలాలో కంటికంటే ముందు చెవే చెప్పాలి. జడకోలాటం చూడండి: పైనుంచి వేలాడే తాళ్లను తలా ఒకటి పట్టుకుని, ఆడుతూనే జడ అల్లుతారు, మళ్లీ ఆడుతూనే విప్పుతారు. ఒక్కరు లయ తప్పితే జడ చిక్కుపడుతుంది. వినడంలో జరిగిన పొరపాటు కంటికి కనపడేలా చేసే ఇంత చక్కటి ఏర్పాటు ఏ తరగతి గదిలోనూ నేను చూడలేదు. ఎవరూ ఎవర్నీ మందలించక్కర్లేదు. జడే చెబుతుంది.

ఐదారేళ్ల పిల్లలకు ఇంత ఆట ఒక్కసారిగా కుదరదు. వాళ్లకు తమ ఊళ్ల పేర్లతో, పంటల పేర్లతో మొదలుపెట్టవచ్చు. ‘కదిరి’ అని అనిపించండి. మూడు మాత్రలు, తకిట. అదే తిశ్రం. ‘బుడ్డలు’, అంటే చెనిక్కాయలు, అనిపించండి. నాలుగు మాత్రలు, తకధిమి. చతురశ్రం. ‘తనకల్లు’ ఐదు మాత్రలు: తక తకిట. ఖండగతి ఊరి పేరులోనే ఒదిగి ఉంది. ‘అనంతపురం’ ఏడు: తకిట తకధిమి. మిశ్రం. ‘బుడ్డలు తనకల్లు’ అని కలిపి అంటే తొమ్మిది, సంకీర్ణం. కర్ణాటక సంగీతంలోని ఐదు జాతులూ చెనిక్కాయ చేను దాటకుండానే దొరికాయి. ఒక వరస పిల్లలు ‘కదిరి కదిరి’ అంటూ చప్పట్లు కొడుతుంటే ఇంకో వరస ‘బుడ్డలు బుడ్డలు’ అందుకోవాలి. పన్నెండు మాత్రలకు రెండు వరసల మొదటి దెబ్బలూ కలుస్తాయి. ఆ కలిసే చోట పిల్లల మొహాలు ఎలా వెలుగుతాయో చూస్తేగానీ తెలియదు. లెక్కల మాస్టారికి కూడా ఈ ఆట పనికొస్తుంది.

ఈ సీమకు వేమన ఉండనే ఉన్నాడు. తనకల్లుకు దగ్గర్లో గాండ్లపెంట మండలం కటారుపల్లిలో ఆయన సమాధి ఉంది. ఆయన ఎక్కువగా వాడిన ఆటవెలదిలో రెండో పాదం, నాలుగో పాదం ఐదేసి సూర్యగణాలతో నడుస్తాయి. సూర్యగణం నగణమైనా హగణమైనా మూడు మాత్రలే. అంటే పిల్లలు బడిలో బట్టీపట్టి అప్పజెప్పే పద్యం నాలుగో పాదంలోని ‘విశ్వదాభిరామ వినురవేమ’ అన్న మకుటం ఐదు తకిటలు. గణవిభజన చేయించకముందే దానికి చప్పట్లు కొట్టించాలి. మొదటి పాదంలో మూడు తకిటల తర్వాత ఇంద్రగణాలు వచ్చి నడక సాగినట్టవుతుంది. ఆ మార్పును ఏడేళ్ల పిల్లలు పేరు తెలియకుండానే పట్టేస్తారు. పద్యాన్ని తెలుగు పీరియడ్‌కీ, పాటను వార్షికోత్సవానికీ పంచేసి మనం పిల్లలకు చాలా నష్టం చేశాం.

ముందు అడుగు, తర్వాత పాట అనే ఇదే వరసను యూరప్ మరో దారిలో వెతికి పట్టుకుంది. జెనీవా సంగీత కళాశాలలో 1892 నుంచి పాఠాలు చెప్పిన ఎమిల్ జాక్-డాల్‌క్రోజ్, తన విద్యార్థులు స్వరాలు తప్పులేకుండా రాయగలిగినా లయను అనుభవించలేకపోవడం గమనించాడు. వాళ్లను లేపి నడిపించాడు, అడుగులతో లయ నేర్పాడు. హంగరీలో జోల్తాన్ కొడాయ్, జానపదగీతమే పిల్లల సంగీత మాతృభాష అని నమ్మి, ఐదు స్వరాల పల్లెపాటలతో బడి పాఠాలు కట్టించాడు. ఆ పద్ధతి ద్వారా జానపద సంగీతాన్ని కాపాడిన తీరును 2016లో యునెస్కో ఆదర్శంగా గుర్తించింది. వాళ్ల గొప్పతనం ఆలోచనలో ఎంత ఉందో పట్టుదలలో అంత ఉంది. తమ పల్లెపాటను బడి గడప దాటించి లోపలికి తెచ్చుకున్నారు. మనది ఇంకా గుడి ముందే నిలబడి ఉంది.

బడికి పాట కొత్తది అనుకునే పని కూడా లేదు. తనకల్లు దాటి అదే దారిన పోతే వచ్చే మదనపల్లెలో, 1919 ఫిబ్రవరిలో బీసెంట్ థియోసాఫికల్ కళాశాలకు వచ్చిన రవీంద్రనాథ్ టాగోర్ జనగణమనను పాడి వినిపించారు. సంగీతం తెలిసిన మార్గరెట్ కజిన్స్ ఆ వరసకు స్వరలిపి రాశారు. మద్రాసు రేడియోలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా తెలుగు పిల్లల్ని మైకు ముందుకు తీసుకొచ్చి పాడించారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. పిల్లలు వినేవాళ్లుగా మిగిలిపోకుండా వాళ్ల పాట వాళ్లే పాడుకోవాలన్నదే ఆ దంపతుల తపన.

ఈ మధ్య కోలాటానికి మళ్లీ మంచి రోజులొచ్చాయి, జట్లు పెరుగుతున్నాయి. సంతోషమే. కానీ చాలాచోట్ల పాట పెద్ద స్పీకర్లోంచి వస్తోంది. రికార్డు పాట పిల్లవాడి కోసం ఆగదు, తడబడితే వెనక్కి రాదు, వాడి శ్రుతికి దిగదు. గురువు గొంతు ఇవన్నీ చేస్తుంది. వేగం ఎప్పుడు పెంచాలో పిల్లల కాళ్లు చూసి నిర్ణయిస్తుంది. అందుకే నేర్చుకునే రోజుల్లో స్పీకరు కట్టేసి ఉంచాలని నేను గట్టిగా అంటాను. ప్రదర్శన నాడు పెట్టుకోవచ్చు.

అడుగు, చప్పట్లు, వంత వంటబట్టిన పిల్లలకు రాగం వినిపించడం తేలిక. పురందరదాసు కాలం నుంచి మాయామాళవగౌళలో సరళీస్వరాలతో మొదలుపెట్టే సంప్రదాయం ఉంది. పాడటం నేర్చుకునేవాళ్లకు అది గట్టి పునాది. వినడం నేర్చుకునే పసివాళ్లకు మాత్రం నేను మోహనతో మొదలుపెడతాను. స రి గ ప ద, ఐదే స్వరాలు, నోటికి వెంటనే పడతాయి. ఒక చిన్న వరస ఐదు స్వరాలతో పాడి, రెండోసారి అందులోకి మధ్యమం ఒకటి దొంగతనంగా చేర్చి పాడాలి. కొత్త స్వరం వినపడగానే పిల్లలు కూర్చోవాలి. రెండు మూడు రోజుల్లో తప్పు పట్టడంలో ఆరితేరతారు. ఆ తర్వాత అన్నమయ్య దగ్గరకు తీసుకెళ్లవచ్చు. తాళ్లపాక కవి జోల, సువ్వి, గొబ్బి వంటి పల్లెపాటల బాణీలను కీర్తనల్లోకి తెచ్చుకున్నవాడు. అవ్వ పాడే గొబ్బిపాట ముందు విని, ఆయన గొబ్బి కీర్తన వెంటనే వింటే రెండూ ఒకే ఇంటివని పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు.

తనకల్లులాంటి చోట దీనికి కావాల్సిన ఖర్చు చాలా తక్కువ. వారానికి రెండు పీరియడ్లు, పదిహేను జతల చెక్కలు, ఊళ్లో ఇంకా చెక్క పట్టగల ఒక పెద్దమనిషికి గౌరవంగా ఒక కుర్చీ, నెలనెలా ఎంతో కొంత భృతి. పోటీలు, బహుమతులు మొదటి రెండేళ్లు వద్దు. పోటీ పెట్టగానే బాగా పాడే నలుగురు వేదిక మీద, మిగతావాళ్లు కింద చేరతారు. వెనకబడ్డ పిల్లవాణ్ణి వరస మధ్యలో నిలబెట్టాలి, చివర్లో కాదు. రెండు పక్కల నుంచీ వచ్చే మోత వాడి కాలును సర్దుతుంది.