ఓడ అడుగున సంసారం

స్వీడిష్ రచయిత విల్హెల్మ్ మోబెర్గ్ నవల ‘ది ఎమిగ్రెంట్స్’ 1949లో వచ్చింది. రాళ్ళ పొలం, తీరని అప్పు, కరువులో పోయిన బిడ్డ. ఇక భరించలేక 1850లో కార్ల్ ఆస్కార్ భార్యాబిడ్డలతో అమెరికా ఓడ ఎక్కుతాడు. వడ్డీల బరువు మోబెర్గ్‌కు బాగా తెలుసు; బ్యాంకు ఉద్యోగిని గనుక ముందు అదే చూశాను. అయినా నవల బలమంతా ఓడ అడుగునే ఉంది. గాలివాన కంటే పేలే ఎక్కువ బాధిస్తాయక్కడ! ఒంటిమీద పేను కనబడగానే క్రిస్టీనా, ఒకప్పుడు ఒళ్ళమ్ముకుని బతికిన ఉల్రికా మీద విరుచుకుపడుతుంది. తీరా చూస్తే ఉల్రికాకు ఒక్క పేనూ లేదు. పరువుగల ఇల్లాలి అహంకారం ఇలా దిగిన ఘట్టం నేను మరెక్కడా చదవలేదు. మిన్నెసోటా ఇంకా ఎంతో దూరముండగానే, న్యూయార్క్ రేవులో కథ ఆపెయ్యడం మాత్రం నాకు మింగుడుపడలేదు. మిగతా దారికి రెండో సంపుటం వెతుక్కోవాలి.